సూది ఒకటి మీదుందంటే క్లెమ్ నమ్మడు

మా రేవూరు వాండిలా బేలో క్లెమ్ ట్రెగెన్జాని ఎన్ని మాటలైనా అనొచ్చు గానీ, ఒక్క మాట మాత్రం అనకూడదు. "బాగానే ఉంది" అనకూడదు. తిట్టండి, పడతాడు. నీ కుక్క మా కోడిని ఎత్తుకుపోయిందనండి, మారుమాట్లాడకుండా ఇంకో కోడిని తెచ్చిస్తాడు. కానీ ఏదైనా బాగానే ఉందన్నారో, ఇక అయిపోయారు. ఆ మనిషి కనుబొమలు రెండూ గొంగళిపురుగుల్లా పాక్కుంటూ దగ్గరికొస్తాయి. మెడ కాస్త ముందుకు సాగుతుంది.

"బాగానే ఉందా? ఎవరు చూశారు?" అంటాడు.

ఒకసారి క్లినిక్‌లో కొత్త డాక్టరమ్మ బీపీ చూసి, "చక్కగా ఉంది మిస్టర్ ట్రెగెన్జా, కుర్రాళ్ళకి కూడా ఇంత బాగుండదు" అంది. పాపం, ఊరికి కొత్త కదా, తెలీదు.

"ఆ పట్టీ ఒకసారి కుర్చీ కాలికి కట్టి చూడమ్మా" అన్నాడు క్లెమ్.

"కుర్చీకి బీపీ ఉండదండీ."

"అదే నేననేదీ. కుర్చీకి కూడా చక్కగా ఉందని చూపించిందనుకో, అప్పుడు నీ మిషన్ సంగతేంటో తెలుస్తుంది కదా."

బయట జనం పెరిగిపోతున్నారని ఆవిడ కట్టింది. మిషన్ కాసేపు గుర్రుమని, నావల్ల కాదని చేతులెత్తేసింది. "సరే, సగం నమ్ముతున్నా" అని క్లెమ్ లేచి చొక్కా చెయ్యి దించుకున్నాడు.

ఫుట్‌బాల్ దగ్గరా అంతే. మన జట్టు సగం ఆటకే బోలెడంత ముందుంటే ఊరంతా మాంసం కూరిన పైలు తింటూ గంతులేస్తోంది. క్లెమ్ మాత్రం నిచ్చెన వేసుకుని స్కోరు బోర్డెక్కి, అంకెల పలకలు ఒక్కొక్కటే ఊడదీసి వెనక్కి తిప్పి చూస్తున్నాడు. ఆయన దిగేలోగా అవతలి జట్టు వరసగా గోల్స్ కొట్టుకుంటూ పోయింది. ఎవరి స్కోరెంతో బోర్డు మీద లేదు, అడిగితే ఎవరికీ తెలీదు. ఆ మ్యాచ్ గురించి పబ్బులో ఇప్పటికీ గొడవే.

ఇవన్నీ ఎందుకు, సొంత పెళ్ళిలోనే చేశాడు. పాస్టర్‌గారు అడగ్గానే మేవిస్ "ఒప్పుకుంటున్నా" అనేసింది. క్లెమ్ పాస్టర్‌గారి చెవి దగ్గరికి వంగి, "ఇంకోసారి అడగండి, ఈవిడ మరీ తొందరగా ఒప్పుకుంది" అన్నాడు. చెవిలోనే అన్నాడు గానీ, వెనక బెంచీదాకా వినపడింది. క్రిస్మస్ వచ్చిందంటే మేవిస్ ఆ కథ చెప్పి తీరుతుంది. "రెండోసారి కూడా ఔననే అన్నాను చూడండి, అక్కడ దెబ్బతిన్నాను" అంటూ అందరి పళ్ళేల్లో బంగాళాదుంప సలాడ్ వడ్డిస్తుంది.

ఈయనగారి పని చూస్తే పడవల్లో రేడియోలు బాగుచెయ్యడం. రిటైరయ్యాక ఇంటి రేడియోల మీద పడ్డాడు. రేడియో అంటే పాటలొచ్చేది కాదు. మన మాట గాల్లోకి పంపి, అవతలివాళ్ళ మాట గాల్లోంచి దింపుకునేది. మన చుట్టుపక్కల గొర్రెల పొలాల్లో చాలామందికి ఆ పిచ్చి ఉంది. ఎవరిదైనా రేడియో చెడిపోయిందంటే క్లెమ్ తీరిగ్గా, టీ తాగి బయల్దేరతాడు. బాగుందంటే మాత్రం పరిగెత్తుకొస్తాడు.

డల్సీ గెర్లాక్ విషయంలో జరిగింది అదే.

డల్సీది ఊరికి బాగా లోపల, ఉప్పు చిత్తడి దాటాక, గొర్రెల పొలం. మొగుడు ఎర్న్ పోయాక పొలం కౌలుకిచ్చేసి, ఇంట్లో ఒక్కతే ఉంటోంది. ఆవిడకున్న వ్యసనాలు రెండే. ఒకటి, తెల్ల కొరెల్లా చిలకలకి గోధుమలు వెయ్యడం. రెండోది, సాయంత్రం ఆరింటి గుంపు. చీకటి పడకముందే వంట ముగించుకుని, ఆరయ్యేసరికి ఎర్న్ వదిలిపోయిన రేడియో ముందు కూర్చుంటుంది. చుట్టుపక్కల వాళ్ళంతా ఒక్కొక్కరే గాల్లోకి వస్తారు. ఎవరి తుంటి నెప్పి ఎంతవరకొచ్చింది, ఎక్కడ ఎంత వాన పడింది, ఎవరి కంచె కంగారూలు విరగ్గొట్టాయి, అదీ కబుర్ల వరస. అందరినీ పిలిచి వరసలో పెట్టేది బెవ్ షర్మర్. ఊళ్ళో ఉంటుంది. డల్సీకి బళ్ళో రోజుల నుంచీ జత.

ఆ యేడు పంటల పండక్కి కేకుల పోటీలో డల్సీ జడ్జి. బెవ్ స్పాంజ్ కేకు పెట్టింది. డల్సీ దానికి రెండో బహుమతిచ్చింది.

వినడానికి చిన్న సంగతే. కానీ బెవ్ కేకు రెండో స్థానంలో కూర్చోవడం అనేది మనూళ్ళో అంతకుముందు జరగలేదు. రెండో బహుమతి రిబ్బను చూసి బెవ్ నవ్వింది. "బాగానే ఉంది, ఎవరికో ఒకరికి రావాలి కదా" అంది. అదే వారం పెద్ద వాన. ట్యాంకులన్నీ పొంగిపొర్లాయి. వాన వెలిశాక సాయంత్రం డల్సీ రేడియో ముందు కూర్చుని, ఎప్పట్లాగే మాట్లాడే మీట నొక్కి తన పిలుపు పేరు చెప్పింది.

బెవ్ బదులు చెప్పలేదు.

డల్సీ మళ్ళీ పిలిచింది. "ఇంకెవరైనా ఉన్నారా?" అంది బెవ్ గొంతు. "నేనున్నానే" అంది డల్సీ. "సరే, ఇంకెవరూ లేనట్టున్నారు" అని బెవ్ వాన కబుర్లలో పడిపోయింది.

డల్సీ ముందు రేడియోనే అనుమానించింది, నిజం చెప్పాలి. రేడియో పక్కన చిన్న మీటరు ఉంటుంది. మనం పంపిన బలం కేబుల్లోంచి పైకెళ్ళి, యాంటెన్నా తీగ దాన్ని గాల్లోకి వదలకపోతే అది వెనక్కొస్తుంది. ఎంత వెనక్కొచ్చిందో సూది చెబుతుంది. సూది ఒకటి మీద ఉందంటే ఏమీ వెనక్కి రాలేదు, అంతా వెళ్ళిపోయింది, అంతకంటే మంచిది ఇంకోటి లేదు. డల్సీ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. సూది కచ్చితంగా ఒకటి మీద కూర్చునుంది. ఎర్న్ బతికున్న రోజుల్లో కూడా అంత కిందకి దిగలేదది. పైగా ఎప్పుడూ ఉండే గరగర కూడా తగ్గి, అందరి గొంతులూ నెమ్మదిగా, శుభ్రంగా వినిపిస్తున్నాయి.

అంటే రేడియో బాగానే ఉంది. మరి బాగాలేంది మనుషులే.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. తను పిలవడం, వాళ్ళు తనే లేనట్టు కబుర్లాడుకోవడం. ఒకరోజు బెవ్ నిమ్మకాయ పచ్చడి ఎలా పెట్టాలో తప్పు చెబుతుంటే డల్సీ ఉండబట్టలేక, "ఉప్పు ముందు వెయ్యాలే" అని అరిచింది. ఎవరూ పట్టించుకోలేదు. తన ఇంట్లో తనే దెయ్యమైపోయినట్టనిపించింది ఆవిడకి.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటారు. మీరైతే చేస్తారేమో. డల్సీ చెయ్యదు. స్పాంజ్ కేకు కోసం ఇంత పని చేసినదానికి తను ఫోన్ చెయ్యడమా? అటు బెవ్ సంగతీ అంతే. రెండో బహుమతి ఇచ్చింది చాలక, పండగైన దగ్గర్నుంచీ గాల్లోకే రావడం మానేసింది, మొహం చూపించలేక కాబోలు, దానికి నేను ఫోన్ చెయ్యాలా అని ఆవిడ. ఒకసారి ఇద్దరూ కొట్టు ముందు ఎదురుపడ్డారు.

"బాగున్నావా?" అంది బెవ్.

"బాగానే ఉన్నా. నువ్వు?"

"బాగానే ఉన్నా."

ఎవరి సంచులు వాళ్ళు తీసుకుని ఎవరి దారిన వాళ్ళు పోయారు.

అప్పుడే కొట్లోంచి మేవిస్ బయటికొచ్చింది. డల్సీ ఆవిడతో, "రేడియో ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటున్నానే, నాకింక సరదా లేదు" అంది.

"చెడిపోయిందా?"

"చెడిపోవడమా? సూది ఒకటి మీద కూర్చుంది. దానికేం, భేషుగ్గా ఉంది."

మేవిస్ ఇంటికెళ్ళి ఆ మాట చెప్పేసరికి క్లెమ్ గొర్రెమాంసం ముక్క నోట్లో పెట్టుకోబోతున్నాడు. ముక్క గాల్లోనే ఆగిపోయింది.

"ఎంత మీద అంది?"

"ఒకటి. ఏం, మంచిదే కదా?"

"డల్సీ వాళ్ళ యాంటెన్నా తీగ రేకుల షెడ్డుకి ఆనుకుని పోతోంది మేవిస్. అది జన్మలో ఒకటికి రాదు. ఎర్న్ ఉన్నప్పుడు రెండుకి కాస్త ఇటుగా ఉండేది. అదీ ఆరోగ్యం."

"అయితే దానంతటదే బాగుపడిందేమో."

క్లెమ్ భార్య వైపు జాలిగా చూశాడు. "దానంతటదే బాగుపడేది ఏదైనా చూశావా నువ్వు?" అని ముక్క పళ్ళెంలో పెట్టేశాడు.

మర్నాడు మధ్యాహ్నం డల్సీ ఇంటి ముందు క్లెమ్ యూట్ ట్రక్కు వచ్చి ఆగింది. వెనక నిచ్చెన, కేబుల్ చుట్ట, స్పానర్ల సంచి. డల్సీ వాకిట్లోనే ఎదురెళ్ళింది.

"ఏంటి క్లెమ్?"

"నీ సూది ఒకటి మీద ఉందట."

"ఉంది. అయితే?"

"చూసిపోదామని."

"బాగున్నదాన్ని చూడ్డానికి ఇంత దూరం వచ్చావా? నాలో ఏ దోషమూ లేదయ్యా. నా రేడియోకీ లేదు. వెళ్ళి ఆ బెవ్‌ని చూడు."

"చూసే వచ్చా" అన్నాడు క్లెమ్. అని లోపలికొచ్చి, బూట్లు విప్పి, రేడియో ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సూది చూశాడు. దాన్ని వేలితో టక్కుమని కొట్టాడు. మళ్ళీ చూశాడు. కనుబొమలు పాకడం మొదలెట్టాయి.

"గరగర ఎలా ఉంది?"

"చాలా తగ్గింది. శుభ్రంగా వినిపిస్తోంది."

"అది కూడా తగ్గిందా" అన్నాడు క్లెమ్, ఎవరో పోయారన్న కబురు విన్నట్టు. "అన్నీ మంచి లక్షణాలేనన్నమాట. పాపం."

నిచ్చెన తీసుకెళ్ళి షెడ్డుకి వేశాడు. పైకెక్కి, యాంటెన్నాకి తగిలించిన కేబుల్ కొస విప్పేసి, ఊరికే గాల్లో వేలాడదీసి దిగొచ్చాడు.

"ఇప్పుడు ఒకసారి మీట నొక్కి సూది చూడు డల్సీ."

"విప్పేశావు కదా, ఇంకేముంది చూడ్డానికి?"

"ఏమీ లేదనే చూడమంటున్నా. కేబుల్ చివర తీగే లేదు. పంపిందంతా నేరుగా వెనక్కొచ్చి సూది ఆ చివరికి ఎగిరి గుద్దుకోవాలి. నువ్వే నొక్కు, నేను నొక్కితే ఏదో చేశానంటావు."

డల్సీ నొక్కింది. సూది కదిలీ కదలనట్టు కొంచెం కదిలి, మళ్ళీ ఒకటి దగ్గరే హాయిగా కూర్చుంది.

డల్సీ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "తీగే లేదు కదా."

"లేదు."

"అయినా బాగానే ఉందంటోందే."

"అంటోంది."

"మరి నేను మాట్లాడిందంతా ఎటు పోతోంది?"

"ఎటూ పోవట్లేదు. కేబులే తాగేస్తోంది" అన్నాడు క్లెమ్. "నువ్వు పంపించినవాళ్ళు తిరిగి రాలేదని, క్షేమంగా ఊరు చేరారనుకున్నావు. వాళ్ళు దారిలోనే పోయారు డల్సీ. అందుకే ఎవరూ తిరిగి రాలేదు."

డల్సీ రేడియో వైపు వేలు చూపించింది. "మరి వాళ్ళ మాటలు నాకు వినిపించాయే."

"వాళ్ళ మాటా దారిలో దాదాపు అంతా పోతోంది, గరగరతో సహా. అయినా వినే రేడియోకి చెవులు పెద్దవి, చిటికెడు వచ్చినా చాలు, పెద్దది చేసి చెబుతుంది. నువ్వు పంపేది అక్కడికి చేరేసరికి చిటికెడు కూడా మిగల్లేదు. వాళ్ళ వైపు కరెంటు రొద ఎక్కువ, అందులో కలిసిపోయింది. వాళ్ళకి నువ్వసలు లేవు."

ఇద్దరూ కలిసి కేబుల్ వెంట నడిచారు. షెడ్డు కొస దగ్గర, చిలకలు వాలే చోట, కేబుల్ పైతోలు చెక్కేసి ఉంది. కొరెల్లాలకి ముక్కు ఊరుకోదు. గోధుమలు తిన్నాక పళ్ళు కుట్టుకోవడానికన్నట్టు కేబుల్ కొరుక్కున్నాయి. క్లెమ్ కింద కొస కత్తితో కోసి, వంచి పట్టుకున్నాడు. సన్నగా నీళ్ళు కారాయి. లోపల రాగి అల్లిక నల్లగా, బూజుపట్టిన ఊలులా ఉంది. కన్నంలో పడిన వాన ఆ అల్లిక పట్టుకుని కేబుల్ పొడుగునా దిగిపోయింది.

గోడ మీద కొరెల్లాలు వరసగా కూర్చుని చూస్తున్నాయి.

"మీకు గోధుమలు పెట్టాను కదే" అంది డల్సీ వాటితో. అవి తలలు పక్కకి వాల్చి వింటున్నాయి గానీ, సిగ్గుపడుతున్నట్టు లేదు.

క్లెమ్ కొత్త కేబుల్ లాగి, కొరెల్లా ముక్కు దూరకుండా షెడ్డు కొస దగ్గర ఇనప గొట్టంలోంచి పోనిచ్చి, పైకొస రబ్బరు టేపుతో చుట్టాడు. మళ్ళీ మీట నొక్కితే సూది లేచి, రెండుకి కాస్త ఇటుగా నిలబడింది. గరగర కూడా తిరిగొచ్చింది, నూనె మూకుట్లో నీళ్ళు పడ్డట్టు. క్లెమ్ మొహం విప్పారింది.

"ఇదీ, ఇప్పుడు మనిషిలా ఉంది" అన్నాడు.

డల్సీ టీ పెట్టి, నిమ్మకాయ స్లైసు కేకు ముక్కలు పళ్ళెంలో పెట్టింది. ఆరు కావస్తోంది. ఆవిడ మాత్రం రేడియో దగ్గరికి పోకుండా వంటింట్లోనే తుడిచిందే తుడుస్తోంది.

"పిలవ్వా?" అన్నాడు క్లెమ్.

"కేబుల్ పాడైంది, ఒప్పుకుంటా. కానీ నేను రాకపోతే ఒక్కసారి ఫోన్ చేసిందా అది? లేదు. కొట్టు ముందు కనపడితే బాగానే ఉన్నానంది. దానికి నేను లేకపోయినా బాగానే ఉందన్నమాటేగా."

"నాతోనూ అదే అంది పొద్దున్న."

"చూశావా మరి."

"నమ్మలేదు" అన్నాడు క్లెమ్. "కుర్చీ లాక్కుని కూర్చున్నా. రెండో కప్పు టీ దాకా బాగానే ఉన్నానంది. మూడో కప్పుకి లేదంది."

డల్సీ తుడవడం ఆపింది. "ఏమంది?"

"అది నువ్వే అడుగు. నేను కేబుళ్ళ మనిషిని."

డల్సీ గుడ్డ పక్కన పడేసి ఆయన వైపు చూసింది. ఎర్న్ పోయినప్పుడు ఊరంతా వంటల గిన్నెలు పట్టుకుని వచ్చారు. ఎలా ఉన్నావని అడిగారు. బాగానే ఉన్నానంది. అమ్మయ్య అనుకుని అందరూ వెళ్ళిపోయారు. తప్పేం కాదు, ఎవరి పన్లు వాళ్ళకుంటాయి. మర్నాడు ఈయనొక్కడే నిచ్చెనేసుకుని వచ్చి, చూరుకాలవలు ఎవరు చూశారు, నీళ్ళ ట్యాంకు ఎవరు చూశారు అని సతాయిస్తూ సాయంత్రం దాకా ఉన్నాడు. ఆ మర్నాడూ వచ్చాడు, ఆ పై వారమూ వచ్చాడు. అప్పట్లో ఆవిడకి ఒళ్ళు మండింది. నా ఇంట్లో లోపాలు వెతుక్కోవడం తప్ప ఈ ముసలాడికి వేరే పని లేదా అనుకుంది. ఆ చూరుకాలవలకి అప్పుడు ఏ జబ్బూ లేదన్న సంగతి ఆవిడకిప్పుడు తట్టింది.

వెళ్ళి రేడియో ముందు కూర్చుంది. తన పిలుపు చెప్పింది.

అటునుంచి గరగర తప్ప ఏమీ రాలేదు. డల్సీ చెయ్యి మీట మీంచి జారింది. క్లెమ్ తలుపు దగ్గర టీ కప్పు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"డల్సీ?" అంది బెవ్ గొంతు. "ఎక్కడికి చచ్చావే ఇన్నాళ్ళూ?"

"ఇక్కడే చచ్చాను. రోజూ పిలుస్తూనే ఉన్నా. కేబుల్లో నీళ్ళు పోయాయట."

"నీళ్ళా? నేనింకా మొహం చాటేశావనుకున్నా, కేకు సంగతికి."

"నేనెందుకు చాటేస్తాను? నువ్వే అలిగి, వినపడనట్టు నటిస్తున్నావనుకున్నా. నిమ్మకాయ పచ్చట్లో ఉప్పు ముందు వెయ్యాలని ఎంత అరిచానో తెలుసా?"

"అందుకే చెడిపోయిందే అది" అంది బెవ్. ఆ వెంటే, "సరే, అందరూ వింటున్నారు, విననీ. నా కేకుకి ఏం తక్కువైందో చెప్పు" అంది.

డల్సీ మీట నొక్కింది. "మధ్యలో పచ్చిగా ఉందే."

ఎవరి పొలంలో వాళ్ళు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

"నాకు తెలుసు" అంది బెవ్. "ఆత్రం ఆగక పొయ్యి తలుపు ముందే తీశా. నువ్వొక్కదానివే పట్టుకుంటావని కూడా తెలుసు." అంటూనే నవ్వేసింది. ఆవిడ వెనకాలే ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు, చిత్తడి అవతల నుంచీ, రేవు దగ్గర నుంచీ, అందరూ మీటలు నొక్కి మరీ నవ్వారు.

"సరే గానీ, ఎలా ఉన్నావే?" అంది బెవ్.

"బాగానే..." అని మొదలెట్టి, డల్సీ ఎందుకో పక్కకి చూసింది. తలుపు దగ్గర క్లెమ్ కప్పు కింద పెట్టేశాడు. కనుబొమలు దగ్గరికి పాకుతున్నాయి. ఒక చెయ్యి స్పానర్ల సంచీ మీద పడింది.

డల్సీ మళ్ళీ మీట నొక్కింది.

"బాగాలేనే బెవ్. అస్సలు బాగాలేను. రేపు వచ్చి భోజనం చేసి వెళ్ళు."

ఎవరు చూశారని క్లెమ్ అడగలేదు. ఆ మాట విన్నవాడు విన్నట్టే నమ్మేసి, వచ్చి కుర్చీలో కూర్చుని, నిమ్మకాయ స్లైసు ఇంకో ముక్క తీసుకున్నాడు.